పండగ మర్నాడు మొదలయ్యే పని

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ముక్కనుమ నాటి సాయంత్రం, ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో విశ్రాంత తపాలా ఉద్యోగిని ఒకరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించుతారా బాబూ? ఆఁ, చాలు.

ఈ సభ పండక్కి ముందే పెడదామన్నారు ఇక్కడివాళ్ళు. బొమ్మలకొలువుల రోజులు కదా, జనం బాగా వస్తారన్నారు. నేనే వద్దన్నాను. ముక్కనుమ నాడు పెట్టండి, వచ్చినంతమందే వస్తారు అన్నాను. ఎందుకంటే నా దగ్గర చెప్పడానికి ఉన్న ముఖ్యమైన మాట ఒక్కటే. పండక్కి కర్ర బొమ్మ చెయ్యాలంటే పండగ అయిపోయిన మర్నాడు మొదలుపెట్టాలి. భోగికి వారం ముందు మొదలుపెడితే అవదు. నెల ముందు మొదలుపెట్టినా అవదు. ఇవాళే మొదలుపెట్టాలి. నిన్నటి గారెలు మీకింకా అరగలేదని తెలుసు, అయినా సరే. (నవ్వులు)

నేను వడ్రంగిని కాను. మా వంశంలో ఎవరూ ఉలి పట్టలేదు. తపాలా ఆఫీసులో కౌంటరు వెనక కూర్చుని ముప్పై నాలుగేళ్ళు పార్సిళ్ళు తూచాను. ఆ తూకం అలవాటు ఈ పనిలో ఎలా పనికొచ్చిందో తర్వాత చెప్తాను. రిటైరయ్యాక రెండేళ్ళు టీవీ చూశాను. ఆ రెండేళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజాము ఇక్కడెవరూ మరిచిపోయి ఉండరు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శరన్నవరాత్రులు మొదలైన మర్నాడే. అక్కడ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, ఇక్కడ మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ళకి ఊళ్ళే ఏడ్చాయి. వాటితో పోలిస్తే మా ఇంట్లో పోయింది ఏమీ లేదు. వంటింటి మీద పెంకులు లేచిపోయాయి. అటక మీద మా అమ్మ ట్రంకు పెట్టె ఉండేది, అందులో కొలువు బొమ్మలు, అన్నీ మట్టివి. మూత సరిగ్గా పడలేదేమో, రాత్రంతా నీళ్ళు పట్టాయి. పొద్దున్న పెట్టె తెరిస్తే అడుగున రంగురంగుల బురద ఉంది. అందులో తేలుతూ రెండు కళ్ళు. బొమ్మ లేదు, దాని మీద వేసిన కళ్ళు మాత్రం మిగిలాయి.

అదే గాలికి పెరట్లో గుమ్మడి టేకు చెట్టు కూలింది. ఒడియాలో గంభారి అంటారు. కూలిన చెట్టుని చూస్తూ నాకో ఆలోచన వచ్చింది. మట్టివి పోయాయి కదా, సంక్రాంతి కొలువుకి కర్రతో చేద్దాం. మొదటి బొమ్మ హరిదాసు. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబురా. మూడు నెలల టైముంది కదా అనుకున్నాను.

మా వీధి చివర ఒక వడ్రంగాయన ఉండేవారు, ఒడియా మనిషి. నన్ను అపా అని పిలిచేవారు, అంటే అక్కా అని. మన శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం కదా, ఆయన అపా అన్నా నాకు అప్పా అనే వినపడేది. దుంగ చూపించి సంగతి చెప్పాను. ఆయన గోటితో బెరడు గీరి, తడి వేలు నాకు చూపించారు. "అపా, ఈ కర్ర ఇంకా నీళ్ళు తాగుతోంది. దీని కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగు" అన్నారు. నేను వినలేదు. పచ్చి కర్ర మెత్తగా తెగుతుంది మరి! వెన్న తీసినట్టు వస్తుంటే ఎవరాగుతారు?

2019 భోగి నాడు పొద్దున్నే లేచి కొలువు మెట్ల మీద చూశాను. అక్షయపాత్ర మీద మొదలైన పగులు నుదురు దాటి ముక్కు దాకా దిగి ఉంది. మా మనవడు చూసి, "అమ్మమ్మా, హరిదాసు తాతకి నామం కారిపోయింది" అన్నాడు.

ఆ పగులు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మీకు అయిదు నిమిషాల్లో చెప్తాను.

చెట్టు నిలబడి ఉన్నప్పుడు కర్రలో నీళ్ళుంటాయి, కొన్ని కర్రల్లో నీళ్ళ బరువు కర్ర బరువంత ఉంటుంది. నరికాక ఆ నీళ్ళు బయటికి పోతాయి, కర్ర కుంచించుకుపోతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. అసలు కిటుకు, అది అన్ని వైపులా ఒకేలా కుంచించుకోకపోవడంలో ఉంది. పొడుగు వైపు దాదాపు తగ్గదు. మధ్యలో మెత్తగా ఉండే దవ్వ నుంచి బెరడు వైపు కొంచెం తగ్గుతుంది. చుట్టుకొలత వెంట మాత్రం దానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతుంది. బండి చక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడుగుతారు చూడండి, చల్లారేకొద్దీ బిగిసి చక్రాన్ని నొక్కుతుంది. దుంగలో కూడా పై వలయాలు అలాగే లోపలి కర్ర మీద బిగుసుకుంటాయి. లోపలిది అంతగా తగ్గదు, పైదేమో తగ్గాలి. ఇనుమైతే తట్టుకుంటుంది, కర్ర తట్టుకోలేక విడిపోతుంది. దవ్వ నడిమధ్యలో పెట్టుకుని గుండ్రంగా ఉన్న దుంగ ఏదైనా సరే ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. మా హరిదాసు సరిగ్గా అలాంటి దుంగే. దవ్వ వెన్నెముకలా ఆయన నడిబొడ్డున ఉంది పాపం.

మందు ఏమిటంటే, దుంగని మనమే ముందు చీల్చెయ్యడం. నడిమికి రెండుగా, వీలైతే నాలుగుగా చీల్చి దవ్వ తీసిపారెయ్యాలి. అప్పుడు వలయం తెగిపోయింది కదా, కర్రకి కుంచించుకునే దారి దొరుకుతుంది. ఇంక ఆ ముక్కల రెండు కొసలూ జాగ్రత్త. కర్రలో నీళ్ళు గొట్టాల్లాంటి దారుల్లో నడుస్తాయి, గొట్టం నోరు కొసల్లో తెరుచుకుని ఉంటుంది. అందుకని మిగతా ఒంటికంటే కొసలు ముందు ఎండి నెర్రెలిస్తాయి. కొవ్వొత్తి కరిగించి కొసలకి దట్టంగా పూస్తే నెమ్మదిగా ఆరతాయి. మిగిలిపోయిన పెయింటు పూసినా పనవుతుంది. ఎండలో పెట్టకండి. మంచం కింద, మేడ మెట్ల కింద, గాలి ఆడే నీడలో, ముక్కకీ ముక్కకీ మధ్య పుల్లలు పెట్టి పేర్చండి.

ఎండిందని ఎలా తెలుస్తుంది? కొందరు చెంపకి ఆనించి చూస్తారు, చల్లగా ఉంటే పచ్చి అని. కొందరు వేలితో కొట్టి చప్పుడు వింటారు. నాకు ఆ విద్యలు రాలేదు, నాకొచ్చింది తూకం. (నవ్వులు) ప్రతి ఆదివారం ముక్కని తూచి, దాని మీదే పెన్సిలుతో తేదీ, గ్రాములు రాస్తాను. ఇదిగో, ఇది చూడండి, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. పోయిన ముక్కనుమకి 2 కిలోల 110 గ్రాములు. శివరాత్రికి 1 కిలో 640. ఉగాదికి 1 కిలో 420. ఎండలు ముదిరేసరికి 1 కిలో 190 దగ్గర ఆగింది. నాలుగు వారాలు వరసగా అదే అంకె వస్తే దాని కడుపు ఖాళీ అయినట్టు.

తర్వాత ఏం జరిగిందో చూడండి, శ్రావణంలో 1 కిలో 230 అని ఉంటుంది. మొదటి ఏడాది ఇది చూసి తక్కెడ పాడైందనుకున్నాను. ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాను, తక్కెడ బాగానే ఉంది. ఎండిన కర్ర వానాకాలం గాలిలో తేమ మళ్ళీ తాగుతుందట. చచ్చిపోయాక కూడా ఋతువులు తెలుస్తాయి దానికి. మన తలుపులు శ్రావణంలో బిగిసిపోయి వేసవిలో ఊరికే తెరుచుకునేది అందుకే. నేను వానాకాలం కర్ర ముట్టుకోను. దసరా అయ్యాక, తూకం మళ్ళీ దిగాక, నాగుల చవితి ప్రాంతంలో ఉలి తీస్తాను. కార్తీకం అంతా చెక్కడం, ధనుర్మాసంలో రంగులు. లెక్క చూసుకోండి, ఇవాళ చీల్చినది వచ్చే భోగికి మెట్టెక్కుతుంది. సరిగ్గా ఏడాది.

పుచ్చు సంగతి ఒక్క ముక్క. ముక్కల కింద సన్నటి పిండి రాలుతుంటే పురుగు పట్టినట్టే. దానికి కావలసింది కర్రలో ఉన్న గంజి పదార్థం, అది బెరడు పక్కనున్న తెల్ల కర్రలో ఎక్కువ. చేవ వైపు ముక్క ఎంచుకుంటే సగం బాధ తప్పుతుంది. పూర్వం వెదుళ్ళనీ దుంగల్నీ చెరువులో నానబెట్టేవాళ్ళు. ఆ గంజి నీళ్ళలోకి దిగిపోవడానికే.

ఇప్పుడు చేవ, దవ్వ అన్నాను. ఇక్కడ కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. చేవ అంటే చెట్టు లోపలి గట్టి కర్ర, దవ్వ అంటే నట్టనడిమి మెత్తన. ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా పనిచేస్తూ, పక్క కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు రాశారు. జనం నోట్లో ఉన్న మాటే మాట అన్నారు. ఆ ఊళ్ళో కూర్చుని చేవకి ఇంగ్లీషు మాట వెతుక్కుంటే బాగుండదు. అయితే నాకు వడ్రంగం మాటలు అన్నీ రావు. ఒడియాలో విన్నవి కొన్ని, తెలుగులో విన్నవి కొన్ని, కలిపేస్తుంటాను.

ఏ కర్ర మంచిది అని అందరూ అడుగుతారు. మన బొమ్మలవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. కొండపల్లి వాళ్ళది తెల్ల పొణికి, బరువే ఉండదు, కత్తికి ఎదురు చెప్పదు. ఏటికొప్పాక వాళ్ళది అంకుడు కర్ర. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో తరిణె, అదే లేత్ మిషను, దాని మీద కర్ర తిప్పుతూ లక్క కర్ర ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకి పట్టేస్తుంది, దాన్ని మొగలి ఆకుతో సర్ది మెరిపిస్తారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కవాతులో ఆంధ్ర శకటం మీద వెళ్ళినవి ఆ బొమ్మలే. మనకి ఈ వైపు దొరికేది గుమ్మడి టేకు. తేలిక, లేత రంగు, ఒకసారి ఎండాక పెద్దగా వంకర్లు పోదు. నా ఓటు దానికే.

వేప గట్టిది. వేప అనగానే మీకు జగన్నాథుడు గుర్తొస్తాడు. పూరీలో మూర్తులు వేప కర్రవే, దారుబ్రహ్మ అంటారు. అధిక ఆషాఢం వచ్చిన ఏడు కొత్త మూర్తులు చేస్తారు, నవకళేబరం. 1996లో జరిగింది, మళ్ళీ 2015లో. పంతొమ్మిదేళ్ళు! నేను ఏడాది ఆగమంటే మీకు కష్టంగా ఉంది. (నవ్వులు)

గుమ్మడి టేకు కాదు, అసలు టేకు జోలికి వెళ్ళకండి. చూడ్డానికి బాగుంటుంది గానీ దానిలో ఇసకలాంటి పదార్థం ఉంటుంది, ఉలి పదును తినేస్తుంది. సరుగుడు ఎండుతూ ఎండుతూ చీలుతుంది. జీడి చెట్టు పాలు చర్మానికి పడవు, పలాస వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. విదేశాల్లో ఈ హాబీ ఉన్నవాళ్ళు బాస్‌వుడ్ అనే కర్ర వాడతారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇక్కడికీ వస్తోంది. మా అమ్మాయి ఒక ప్యాకెట్ తెప్పించింది. నిజంగా జున్ను ముక్క కోసినట్టే ఉంది. కానీ అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ముక్కకి ఆ ధర పెట్టబుద్ధి కాలేదు. అడవి నుంచి మాత్రం కర్ర తేవద్దు. గాలికి పడింది, తోటలో నరికింది, సామిల్లు దగ్గర మిగిలింది, ఇవి చాలు ఒక జన్మకి.

పనిముట్ల దగ్గర టెన్షన్ పడకండి. ఆన్‌లైన్‌లో ఇరవై నాలుగు ఉలుల సెట్టు కనపడుతుంది, కొనకండి. అరచేతిలో ఇమిడే పొట్టి కత్తి ఒకటి, మొన గుండ్రంగా ఉన్న సన్న ఉలి ఒకటి, పెద్ద ముక్కలు చెక్కడానికి ఎవరిదగ్గరైనా బాడిస అరువు. ఇంకోటి, పాత తోలు బెల్టు. దాన్ని చెక్క మీద అంటించి, మెరుగుపెట్టే పేస్టు రాసి, పావుగంటకోసారి కత్తిని వెనక్కి వెనక్కి లాగాలి. పూర్వం మంగలి షాపుల్లో కత్తిని తోలు మీద ఆడించేవాళ్ళు, గుర్తుందా? అదే. మొద్దు కత్తే ప్రమాదం. తెగట్లేదని బలం పెడతాం, జారుతుంది, చేతిలోకి దిగుతుంది.

నాకు దిగింది. 2020లో, భోగికి ముందు రాత్రి పదకొండు గంటలకి. గంగిరెద్దు మూపురం ఒక్కటీ మిగిలింది, పొద్దున్నకి కొలువులో పెట్టాలి. బెల్టు మీద లాగే ఓపిక లేదు. ఎడమ బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన డాక్టరమ్మ, "ఈ వయసులో ఎందుకమ్మా మీకివన్నీ" అంది. వయసు తప్పు కాదమ్మా, టైము తప్పు అన్నాను. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. దీపాలు పెట్టాక కత్తి ముట్టుకోను. ఎడమ చేతికి తెగని గ్లవ్ లేకుండా కూర్చోను.

కత్తి నడక గురించి. కర్రని ఒళ్ళో పెట్టుకుని బాణం విసిరినట్టు అవతలికి చెక్కకండి. కుడి బొటనవేలు కర్రకి ఆనించి, బంగాళాదుంప తొక్క తీసినట్టు, కత్తిని నెమ్మదిగా మన వైపు మూయాలి. లేదా ఎడమ బొటనవేలితో కత్తి వీపుని తోయాలి. బియ్యపుగింజంత పేడు లేస్తే చాలు. కర్రకి నార ఉంటుంది, అది ఒక వైపుకి పడుకుని ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టే, తల నుంచి తోకకి నిమిరితే ఊరుకుంటుంది, ఎదురు నిమిరితే బొచ్చు లేస్తుంది. కర్రలోనూ ఎదురు పోతే పేడు లోపలికి చీల్చుకుపోయి, మీరు అక్కర్లేదనుకున్నదీ కావాలనుకున్నదీ కలిపి ఊడొస్తుంది. ఒక వైపు నుంచి పేడు లేస్తోందంటే వెంటనే ఆపి అటు నుంచి రండి.

ఈ నార సంగతి అర్థం కాకే నాలుగు గంగిరెద్దుల కాళ్ళు విరిగాయి నా చేతిలో. ఎద్దు అడ్డంగా ఉంటుంది కదా, నార కూడా అడ్డంగా పెట్టాను, తల నుంచి తోకకి. వీపు, మూపురం అద్భుతంగా వచ్చాయి. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి సన్నటి కాలుకి నార అడ్డం పడింది, బిస్కెట్ విరిగినట్టు పుటుక్కున విరిగాయి. మూడో ఎద్దుకి అనుకున్నాను ఇది నా చేతి దోషమని. నాలుగోదానికి వడ్రంగాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. విరిగిన కాలు చూసి, వాళ్ళ పొయ్యిలో పుల్లలు చూపించి, "వీటిని అడ్డంగా విరుస్తావా, నిలువుగా విరుస్తావా అపా?" అన్నారు. అంతే. కాళ్ళు బలంగా ఉండాలంటే నార కాళ్ళ వెంట దిగాలి. అప్పుడు కొమ్ములకి అడ్డం వస్తుంది. కొమ్ములు విడిగా చెక్కి అతికించాలి. కొండపల్లి వాళ్ళు చేసేది అదే కదా! చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపం పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నేను అన్నేళ్ళూ అది కర్ర ఆదా చేసుకునే పద్ధతి అనుకున్నాను. కర్ర మనసు తెలిసిన పద్ధతి అది.

నిజం కొమ్ములతో బొమ్మలు చేసే పని అంటే మన పర్లాకిమిడిది పేరున్న విద్య. ఆ పనివాళ్ళతో ఒకసారి మాట్లాడితే వాళ్ళు నవ్వారు. మాకు మీ నార గొడవ లేదమ్మా, వేడి చేసి వంచుకుంటాం అన్నారు. ఎవరి కష్టం వాళ్ళది.

మొహం చెక్కడానికి ఒక చిట్కా చెప్తాను, అది నేను విదేశీ వీడియోల్లో చూసి నేర్చుకున్నది. అక్కడ ఈ హాబీలో ఎక్కువమంది చెక్కేది క్రిస్మస్ తాతని. నలుపలకల దిమ్మె తీసుకుని, పలక మీద కాకుండా మూల మీద మొహం పెడతారు. మూల ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, అదే ముక్కు. మూల నుంచి రెండు పక్కలా పలకలు వెనక్కి పోతాయి, అవే చెంపలు. మనం లోతు తవ్వక్కర్లేదు, దిమ్మె అప్పటికే సగం మొహం చెక్కి ఇచ్చేసింది. ముక్కు కింద ఒక గాటు, పైన కళ్ళ దగ్గర రెండు గాట్లు, అయిపోయింది. పలక మీద మొదలెడితే మొహం చపాతీలా వస్తుంది. నా మొదటి హరిదాసుకి పగులు రాకపోయినా చపాతీ మొహం తప్పేది కాదు.

క్రిస్మస్ తాత మాటొచ్చింది కాబట్టి. మన జిల్లా కొండ ఊళ్ళలో సవర క్రైస్తవులు చాలామంది, డిసెంబరు వస్తే ఊరూరా నక్షత్రాలు వేలాడతాయి. మా పక్కింటి వదినగారు వాళ్ళ అమ్మాయిని అలాంటి ఊరికి టీచరుగా పంపారు. ఆ పిల్ల వచ్చి, "అత్తా, మా చర్చిలో క్రీస్తు పుట్టిన పశువుల పాకకి బొమ్మలు చేసిపెడతావా" అంది. ఒప్పుకున్నాను. ఆ పాక పెట్టే ఆచారం ఎక్కడిదా అని చదివితే, 1223లో ఇటలీలో గ్రెచియో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ అనే సన్యాసి గడ్డి వేసిన తొట్టి, ఎద్దు, గాడిదలతో ఆ దృశ్యం జనానికి చూపించాడట. క్రీస్తు పుట్టుకని కళ్ళారా చూడాలని. మన కొలువు ఉద్దేశం కూడా కొంత అదే కదా. గొల్లలకి నేను గొంగళ్ళు కప్పాను. ఎద్దు మాత్రం మన గంగిరెద్దే, బట్టలు విప్పేశాను. (నవ్వులు)

జర్మనీలో జైఫెన్ అని ఒక కొండ ఊరుంది. అక్కడ గనుల పని తగ్గిపోతే ఆ కుటుంబాలు కర్ర బొమ్మల్లోకి దిగాయి. ఇప్పుడు క్రిస్మస్ బొమ్మలకి ఆ ఊరే పేరు. వాళ్ళ విద్య ఒకటి విని నాకు మతిపోయింది. కర్ర దుంగలోంచి గుండ్రటి బిళ్ళ కోసి, తడిగా ఉండగానే తరిణె మీద తిప్పుతూ లోపలా బయటా గాడులు తీస్తారు. చివరికి పెద్ద గారెలాంటి వలయం వస్తుంది. చూస్తే ఏమీ అర్థం కాదు. ఆ గారెని కేకు కోసినట్టు ముక్కలు చేస్తే, కోసిన చోటల్లా ఒక గుర్రం! ఒక్క గారెలో డజన్ల కొద్దీ గుర్రాలు. పని జరిగేటప్పుడు గుర్రం వాళ్ళకి కనపడదు, చేతికే తెలియాలి. పైగా నేను ఇందాకటి నుంచి పచ్చి కర్ర వద్దు వద్దు అంటున్నానా, వాళ్ళు పచ్చి కర్ర మీదే చేస్తారు. సన్న ముక్కలు కాబట్టి, వలయం తెగిపోతుంది కాబట్టి వాళ్ళకి చెల్లింది. మనం చెక్కే దిమ్మెకి చెల్లదు.

ఇబ్బంది ఏమిటంటే క్రిస్మస్‌కీ సంక్రాంతికీ మధ్య మూడు వారాలే. రెండు పండగల పనీ ధనుర్మాసం మీదే పడుతుంది. ఒక ఏడు క్రిస్మస్ తాత సగంలో ఉండగానే డిసెంబరు 25 దాటిపోయింది. గడ్డం చెక్కాను, టోపీ కుచ్చు చెక్కాను, భుజాన మూట ఉంది. అటక మీద పెట్టెయ్యబోయి ఆగాను. ఈ పనిలో ఒక సుఖం ఉంది. తీసిన కర్ర మళ్ళీ అతకదు గానీ, ఉన్న కర్ర ఎప్పుడైనా తీయొచ్చు. గడ్డం గీసేశాను. టోపీ అంచు గుండ్రం చేస్తే అక్షయపాత్ర అయింది. మూటని సన్నంగా చెక్కితే తంబురా. పొట్ట మాత్రం తాతదే ఉండిపోయింది. ఆ హరిదాసు మా కొలువులో ఇప్పటికీ అందరికంటే లావుగా ఉంటాడు. పక్కింటి వదినగారు వచ్చినప్పుడల్లా ఆయనకి హ్యాపీ క్రిస్మస్ చెప్పి వెళ్తారు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. ఉప్పు కాగితంతో మరీ నున్నగా రుద్దెయ్యకండి, కత్తి గాట్లు కనపడితేనే అది చేత్తో చేసినట్టు ఉంటుంది. ఇది నా అభిప్రాయం, మీకు నున్నన ఇష్టమైతే రుద్దుకోండి. పసుపు వేస్తే మొదట బంగారంలా ఉంటుంది, ఎండ తగిలేచోట పెడితే వెలిసిపోతుంది. మెరుపు కోసం నేను ఒకసారి నువ్వుల నూనె రాశాను. అది ఎన్నటికీ ఆరదు. శివరాత్రికల్లా దుమ్మంతా అంటుకుని సోదెమ్మ బొమ్మకి మీసాలు వచ్చాయి. ఆరే నూనె కావాలి, అవిసె నూనె ఆరుతుంది. కానీ అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరెయ్యండి లేదా నీళ్ళలో ముంచెయ్యండి. ఇది నవ్వులాట కాదు, రాసుకోండి.

ఇందాక లోపలికొస్తుంటే ఒకాయన అడిగారు, అమ్ముతారా మేడమ్, ఒక్కోటి ఎంత అని. అమ్మను. ఎందుకో చెప్తాను. నాకు పెన్షన్ వస్తుంది. ఒక బొమ్మకి ఏడాది ఆగగలను. కొండపల్లిలోనో ఏటికొప్పాకలోనో ఆ పని మీదే పొయ్యి వెలిగించుకునే ఇంటికి ఆగే వీలుండదు. నేను సరదాకి చేసి వంద రూపాయలకి ఇస్తే, వాళ్ళ బొమ్మ మూడు వందలంటే మీరు బేరమాడతారు. ఆ పాపం నాకెందుకు? మీకు కొలువుకి పదిహేను బొమ్మలు కావాలంటే పద్నాలుగు వాళ్ళ దగ్గర కొనండి. ఒక్కటి మీరు చెక్కండి. అది చెక్కాక ఆ పద్నాలుగింటి ధర చూసి ఇంతేనా అనిపిస్తుంది మీకే.

ఏటమ్మా? (వెనక వరసలోంచి ప్రశ్న.) ఆఁ, పిల్లలు. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకి కత్తి వద్దు. సబ్బు ముక్క, ఐస్‌క్రీము పుల్ల ఇవ్వండి. మా మనవడు సబ్బుతో ఏనుగు చేశాడు, వాళ్ళమ్మ దానితో బట్టలుతికేసింది. (నవ్వులు) తూచే పని పిల్లలకివ్వండి. ఆదివారం తూచి అంకె రాయడం వాళ్ళకి భలే ఇష్టం. అంకె తగ్గుతుంటే నీళ్ళు ఎక్కడికి పోయాయని అడుగుతారు, ఆ ప్రశ్న మంచిది.

టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఆ గుమ్మం పక్కన రెండు గోనె సంచులున్నాయి చూశారా? మొన్న మా వీధిలో కరెంటు తీగలకి తగులుతోందని గుమ్మడి టేకు కొమ్మలు కొట్టించారు. అడిగి తెచ్చుకుని నిన్న కనుమ నాడే చీల్పించాను. కనుమ నాడు పనేమిటని మా ఆయన గొణిగారు, అది వేరే సంగతి. దవ్వ తీసేశాను. కొసలకి మైనం పూశాను, తెల్లగా ఉందని గోకెయ్యకండి. ప్రతి ముక్క మీద ఇవాళ్టి తేదీ, తూకం పెన్సిలుతో రాసి ఉంది, ముప్పై రెండు ముక్కలు. వెళ్తూ వెళ్తూ తలా ఒకటి తీసుకోండి. వానాకాలంలో బరువు పెరిగిందని నాకు ఫోన్ చెయ్యకండి, చెప్పాను కదా. నాగుల చవితి వెళ్ళాక తీసుకుని మా ఇంటికి రండి, బెల్టు మీద కత్తి ఎలా లాగాలో చూపిస్తాను. మీ గ్లవ్ మీరు తెచ్చుకోండి, నా దగ్గర ఒక్కటే ఉంది.

నమస్కారం.